చెల్లుబాటు

మా ఇళ్ళల్లో పిల్లకు తలనీలాలు తీయించాలంటే మేనమామ ఉండి తీరాలి. అతను ఒళ్ళో కూర్చోబెట్టుకుని మూడు కత్తెర్లు వేశాకే క్షురకుడు చెయ్యి పెడతాడు. మా పూర్వీకులు ఎప్పుడో ఏ స్వాములవారి దగ్గరో జ్ఞానస్నానం పుచ్చుకుని కతోలికులయ్యారు గానీ, మేనమామ పీట మాత్రం వేసిన చోటే ఉంది. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో బెజవాడ గుణదల కొండ కిందికెళ్ళి చూడండి. కొబ్బరికాయలు, కొవ్వొత్తులు, గుండ్లు, మేనకోడలి తల పట్టుకుని బిక్కమొహం వేసిన మామలు. 1924లో అక్కడ లూర్దు మాత స్వరూపాన్ని నిలబెట్టిన దగ్గర్నుంచీ ఆ తల్లి ఇవన్నీ చూస్తూనే ఉంది. ఎప్పుడూ కాదనలేదు.

అందుకే అక్క ఫోన్ చేసి, "పింకీ మొక్కు తీర్చాలిరా, నువ్వు రావాలి" అన్నప్పుడు ఎందుకని అడగలేదు. ఎక్కడికని మాత్రం అడిగాను.

"వేళాంగణి."

"గుణదల పోతే సరిపోదా అక్కా? పొద్దున పోయి మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చెయ్యొచ్చు."

"ఆ రాత్రి నా నోటికొచ్చింది ఆ తల్లి పేరే. ఏం చెయ్యను?"

ఆ రాత్రి అంటే కిందటేడు బావ బండి మీద నుంచి పడిన రాత్రి. పదకొండు దాటాక ఇంటికొస్తూ మా ఊరి మలుపులో పడ్డాడు. తలకు దెబ్బ, స్పృహ లేదు. వానకి బండి జారిందని ఇంట్లో అనుకున్నాం, చుట్టాలకు చెప్పాం, చూడ్డానికొచ్చిన విచారణ గురువుకీ అదే చెప్పాం. ఆస్పత్రి వరండాలో అక్క జపమాల పట్టుకుని కూర్చుని, "అమ్మా ఆరోగ్యమాతా, ఈ మనిషిని నడిపించి ఇంటికి పంపు, నా కూతురి తలనీలాలు నీ సన్నిధిలో ఇస్తాను" అని మొక్కుకుంది. బావ కళ్ళు తెరిచాడు. లేచాడు. కర్ర సాయం కూడా లేకుండా నడుచుకుంటూ గుమ్మం ఎక్కాడు. ఇంతకన్నా స్పష్టంగా ఏ మొక్కూ ఫలించినట్టు నేను చూళ్ళేదు.

బావ గుంటూరులో ఒక ప్లీడరు గారి దగ్గర గుమాస్తా. ఆ ప్లీడరుకన్నా ఈయనకే సెక్షన్లు ఎక్కువ వచ్చని కోర్టు ఆవరణలో అంటుంటారు. సెక్షన్ చెప్పకుండా మంచినీళ్ళు కూడా తాగడు. మంచినీళ్ళనే అన్నాను.

పింకీకి పదేళ్ళు. జడ నడుము దాటుతుంది. తొలి సత్ప్రసాదం నాడు తెల్ల గౌను, తెల్ల మేలిముసుగు వేసి నిలబెడితే, ముసుగు కొసకన్నా జడ కొసే కిందికి దిగింది. ఆ ఫొటో ఇంట్లో తిరుహృదయం పటం పక్కనే ఉంది. పైగా డిసెంబరులో స్కూలు వార్షికోత్సవం, అందులో డాన్సు, అందులో ముందు వరసలో చోటు. గుండు సంగతి తెలిసిన రోజున పిల్ల ఒకటే మాటంది.

"మొక్కుకుంది అమ్మ. జుట్టు నాది. అమ్మ తన జుట్టు ఇవ్వచ్చుగా?"

ఇంట్లో కాసేపు ఎవరికీ నోరు పెగల్లేదు. "నా తలమీద ఏముందే ఇవ్వడానికి, మీ నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడే సగం రాలిపోయింది. మాతకి ఇచ్చేది మంచిదై ఉండాలి" అంది అక్క. అంతలో బావ వాళ్ళమ్మ, మా అత్తయ్యగారు, వంటింట్లోంచి వచ్చి అడిగింది.

"నాలుగో ఆజ్ఞ ఏందే?"

"తల్లిదండ్రుల్ని గౌరవించాలి."

"మరింక మాట్టాడమాక."

తెనాలిలో పొద్దున్నే పినాకిని ఎక్కాం. బండి కదలగానే అత్తయ్యగారు జపమాల తీసింది. పిల్లల్ని పెట్టుకుని రైల్లో జపమాల చెప్పించడం ఎంత పనో చెప్పించినవాళ్ళకే తెలుస్తుంది. పింకీ తమ్ముడు బిట్టూగాడికి ఐదేళ్ళింకా నిండలేదు. వాడి లెక్కలో జపమాలంటే యాభై మూడు మంగళవార్త జపాలు కాదు, బాపట్ల నుంచి చీరాల దాకా ఎంతసేపో అంత. ప్రతి పదికీ ఒకసారి "అయిపోయిందా?" అంటాడు. సమోసాల అబ్బాయి కేక వినపడితే చాలు, జపం మధ్యలోనే వాడి మెడ అటు తిరుగుతుంది. అత్తయ్యగారు కళ్ళు తెరవకుండానే తొడమీద గిల్లి మళ్ళీ దారిలో పెడుతుంది. పింకీ మాత్రం కిటికీలోకి చూస్తూ ఒక్క మాట తప్పకుండా జవాబు చెప్పింది. పెదాలు జపం చెప్తుంటే, వేళ్ళు జడ కొస విప్పి అల్లుతున్నాయి. అల్లి మళ్ళీ విప్పుతున్నాయి.

ఒంగోల్లో ఒక పెద్దావిడ ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. తెల్లచీర, చేతిలో జిప్పు కవరు వేసిన బైబిలు. ఆవిడ బాప్టిస్టని ఎవరూ చెప్పక్కర్లేదు. మా చేతిలో జపమాల చూశాక మేమెవరో ఆవిడకీ చెప్పక్కర్లేకపోయింది. రెండు నిమిషాలు పొడిగా నవ్వుకున్నారు. తర్వాత ఆవిడే కదిపింది.

"ఎంతవరకండీ?"

"వేళాంగణి. పిల్ల తలనీలాల మొక్కు" అంది అత్తయ్యగారు.

"మొక్కులేంటమ్మా? వాక్యంలో ఎక్కడుంది?"

అత్తయ్యగారికి ఉపదేశి దగ్గర చదువుకున్న వాక్యం అంతా కంఠతా వచ్చు. "హన్నా మొక్కుకోలా? కొడుకు పుడితే దేవుడికే ఇస్తానని మొక్కుకుని సమూయేలుని తీసుకుపోయి గుళ్ళో ఇయ్యలా?"

"ఇచ్చింది. కానీ ఏమని మొక్కుకుంది? వాడి తలమీద కత్తి పడనివ్వనని."

కిటికీ వైపున్న పింకీ తల గబుక్కున ఇటు తిరిగింది. అత్తయ్యగారు తడుముకుంటుంటే ఆవిడ ఇంకో అడుగు ముందుకేసింది.

"యెఫ్తా కూడా మొక్కుకున్నాడు. యుద్ధంలో గెలిపిస్తే, తిరిగెళ్ళేటప్పుడు నా ఇంటి గుమ్మంలోంచి ఏది ముందు ఎదురొస్తే అది నీకు బలిస్తానన్నాడు. ఎవరొచ్చారు? ఒక్కగానొక్క కూతురు. తంబుర వాయిస్తూ, నాట్యం చేస్తూ వచ్చింది పాపం."

నాట్యం అనేసరికి పింకీ నా మోచెయ్యి పట్టుకుంది. పెద్దావిడ వదిలేట్టు లేదు, అత్తయ్యగారు తగ్గేట్టు లేదు. మాట మార్చడానికి అక్క "తల్లిదండ్రుల మాట వినమని ఆజ్ఞ ఉంది కదండీ" అంటే, అత్తయ్యగారు "నాలుగో ఆజ్ఞ" అంది. "ఐదోది" అంది ఆవిడ. "మాకు నాలుగే." "మాకు ఐదు." ఆజ్ఞలు పదేనని ఇద్దరికీ ఒప్పుకోలే, లెక్క దగ్గరే పేచీ. "రెండిట్లోనూ ఉన్నది ఒకటేనా?" అనడిగింది పింకీ. ఒకటేనన్నారు ఇద్దరూ, ఆ ఒక్క విషయంలో కలిసిపోయి.

అప్పటిదాకా పేపరు చదువుకుంటున్న బావ దాన్ని మడిచి పక్కన పెట్టాడు. తల్లి ఓడిపోతుంటే ఏ కొడుకూ ఊరుకోడు.

"నాన్నా, యెఫ్తా వాళ్ళమ్మాయిని అడిగి మొక్కుకున్నాడా?" అంది పింకీ.

"లేదమ్మా."

"మరి చెల్లిందా?"

"చెల్లింది. దేవుడికిచ్చిన మాట రిజిస్టరైన దస్తావేజు లాంటిది. ఒకసారి సంతకం పడ్డాక, నన్నడిగావా నిన్నడిగావా అంటే కుదరదు."

నాకు నోరూరుకోలేదు. "మైనరు పొలం అమ్మాలంటే కోర్టు అనుమతి కావాలంటుంటావు కదా బావా?"

"అది స్థిరాస్తి. జుట్టు స్థిరాస్తి కాదోయ్. మళ్ళీ మొలుస్తుంది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఒంగోలు ఆవిడ కూడా నవ్వింది. పింకీ నవ్వలేదు. కాసేపు ఆలోచించి నాయనమ్మ వైపు తిరిగింది.

"అయితే నాయనమ్మా, ఎవరు మొక్కుకున్నా, ఎవరిదిస్తామని మొక్కుకుంటే వాళ్ళే ఇచ్చెయ్యాలా?"

"అంతే."

"ఇయ్యకపోతే?"

"మాత ఇచ్చిన మేలు మాతే తీసుకుంటది. మీ నాన్న ఇయ్యాల నీ ఎదురుగా కూచున్నాడంటే ఎవరి చలవనుకున్నా?"

పింకీ సరేనన్నట్టు తలూపింది. అంతే, ఆ తర్వాత గుండు గురించి ఒక్క మాట కూడా అనలేదు. నెల్లూర్లో ఆ పెద్దావిడ దిగిపోతూ పింకీ జడ ఒకసారి నిమిరి, చేతిలో మామిడితాండ్ర పెట్టింది. "పిల్ల దారికొచ్చింది. ప్రార్థన మహిమ" అంది అక్క.

చెన్నైలో దిగి ఆటోల్లో ఎగ్మోరు చేరాం. రాత్రి బండికి ఇంకా చాలా వ్యవధి ఉంది. సామాన్ల మధ్య అందరం కూలబడ్డాక, "మంచినీళ్ళ బాటిలు తెస్తా" అని బావ లేచాడు. నీళ్ళ కొట్టు మాకు పదడుగుల్లో కనపడుతూనే ఉంది. బావ దాన్ని దాటుకుని స్టేషను బయటికి నడిచాడు. బిట్టూగాడు దాహమని ఏడుపు మొదలుపెడితే పింకీనీ వాణ్నీ తీసుకెళ్ళి నేనే నీళ్ళు కొనుక్కొచ్చాను. చాలాసేపటికి బావ తిరిగొచ్చాడు. చేతిలో బాటిలు లేదు, నోట్లో యాలక్కాయ ఉంది. అక్క బిట్టూగాడి బూటు లేసు కట్టడంలో మునిగిపోయింది. అత్తయ్యగారు రైళ్ళ బోర్డు చదవసాగింది, అది తమిళంలో ఉన్నా సరే. ఇది మా ఇంట్లో అందరికీ బాగా వచ్చిన విద్య. ఒక్క పింకీయే ఆయన్ని చూసింది. ఖాళీ చేతుల్ని కాదు, నములుతున్న నోటిని.

మేం ఎక్కిన బండి కారైక్కాల్ దాకా పోతుంది. మేం దిగాల్సింది అంతకు ముందే, నాగపట్నంలో. బెర్తుల దగ్గర బావ హుషారుగా ఉన్నాడు. ఐదు దాటిన పిల్లకు బెర్తు కావాలంటే 2016 ఏప్రిల్ నుంచి పూర్తి టిక్కెట్టేనని, అంతకుముందు సగం టిక్కెట్టుకే ఇచ్చేవాళ్ళని, బిట్టూగాడికి ఐదు నిండే లోపే ఈ మొక్కు తీర్చడం ఎంత లాభమో లెక్కగట్టి చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, "మొక్కయ్యాక ఒక పూట కారైక్కాల్ చూసొద్దామోయ్. ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళ ఊరు. చుట్టూ తమిళనాడే అయినా అది పుదుచ్చేరి కిందికొస్తుంది, తెలుసా?" అన్నాడు. తెలుసు. పుదుచ్చేరి అంటే పన్నులు వేరు, సీసాల ధరలు వేరు. బావకు చరిత్రమీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందని నేను అడగలేదు. పై బెర్తులో దుప్పటి కాస్త కదిలింది. పింకీ నిద్రపోయిందనుకున్నాం.

తెల్లారి నాగపట్నంలో దిగి బస్సెక్కితే కాసేపటికే వేళాంగణి. దూరం నుంచే తెల్లటి గోపురాలు కనపడ్డాయి. 1962లో పోపు 23వ జాన్ ఈ గుడికి బసిలికా హోదా ఇచ్చాడు. లోపల మాతకు చీర కట్టి ఉంటుంది. అందుకేనేమో, మా అక్క మొదటిసారి చూసి కూడా కొత్త చోటుకొచ్చినట్టు మొహం పెట్టలేదు. ఆగస్టు 29 నుంచి సెప్టెంబరు 8 దాకా జరిగే పండుగ రోజుల్లో ఇసక రాలనంత జనం ఉంటారు. మేం వెళ్ళినప్పుడు పండుగ కాదు కాబట్టి ఊపిరాడింది. దారి పొడుగునా కొట్లు. మనిషెత్తు కొవ్వొత్తులు, మొలకెత్తిన కొబ్బరికాయలు, వెండి రంగు రేకుల్లో కత్తిరించిన కాళ్ళు, చేతులు, కళ్ళు, ఉయ్యాల్లో పసిపిల్లలు. ఎవరికే అవయవం బాగైతే ఆ బొమ్మ కొని మాతకిస్తారు.

"తలకాయ ఉందా?" అనడిగాడు బిట్టూగాడు. "నాన్న తలకేగా దెబ్బ తగిలింది?"

"తలకాయ బదులే అక్క జుట్టు ఇస్తున్నాం నాన్నా" అంది అక్క.

మజ్జిగ అమ్ముకునే కుంటి పిల్లవాడి కథ అత్తయ్యగారు చెప్పింది. మాత కనపడి తన బిడ్డకు మజ్జిగ అడిగిందట, పోశాక ఆ పిల్లవాడి కాలు బాగైందట. "డబ్బులిచ్చిందా?" అన్నాడు బిట్టూగాడు. తుపాన్లో చిక్కుకున్న పోర్చుగీసు నావికులు మాతకు మొక్కుకుని ఈ ఒడ్డుకు చేరి గుడి కట్టించిన కథ బావ చెప్పాడు. "చూశావా పింకీ, మొక్కుకున్నారు, బతికారు, మాట నిలబెట్టుకున్నారు. అందుకే ఇన్ని వందల ఏళ్ళ తర్వాత కూడా మనం చెప్పుకుంటున్నాం" అన్నాడు. "వాళ్ళ సొంత డబ్బులతో కట్టారా నాన్నా?" అంది పింకీ. "మరి!" అన్నాడు బావ, ఆ మాట ఎటు పోతోందో గమనించకుండా.

ఇసక దారిలో అక్క మోకాళ్ళమీద నడిచింది. పొద్దెక్కేసరికి ఆ ఇసక కాలుతుంది. ఎన్నోచోట్ల ఆగింది, చెయ్యి నేలకానించి వగర్చింది, నేను పట్టుకోబోతే వద్దంది. తన వంతు తను ఇచ్చుకుంది, అందులో ఏ లోటూ లేదు. బావ పక్కనే గొడుగు పట్టుకుని నడిచాడు. దూరంగా సముద్రం కనపడగానే బిట్టూగాడు పరుగు తియ్యబోతే అత్తయ్యగారు వాడి చొక్కా పట్టేసింది. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఈ తీరం మీద ఉన్న యాత్రికుల్ని వందల్లో పట్టుకుపోయింది. గుళ్ళోకి నీళ్ళు రాలేదు. ఆ మాట చెప్పుకుని దణ్ణం పెట్టేవాళ్ళూ ఉన్నారు, ఆ రోజు తీరాన పోయిన తమవాళ్ళ కోసం కొవ్వొత్తి వెలిగించేవాళ్ళూ ఉన్నారు.

తలనీలాలు తీసే చోట టోకెను తీసుకుని కూర్చున్నాం. పింకీని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. పదేళ్ళ పిల్ల, ఒడి చాల్లేదు. నేను తెచ్చిన కొత్త గౌను అక్క చేతిలో ఉంది.

"అత్తయ్యగారూ, ఆడపిల్ల కదా, నా మూడు కత్తెర్లతో సరిపెడదాం. ఆడవాళ్ళు అట్లా ఇవ్వడం అన్నిచోట్లా ఉన్నదే" అన్నాను.

ఆవిడ కోడలి వైపు చూసింది. అక్క బావ వైపు చూసింది.

"దస్తావేజులో ఎంత రాస్తే అంత" అన్నాడు బావ. "తలనీలాలు అని మొక్కుకుని మూడు వెంట్రుకలిస్తే అది మోసం కిందికొస్తుంది."

"కానియ్ మామయ్యా" అంది పింకీ. "నెమ్మదిగా. తొందరేం లేదు."

మూడు కత్తెర్లు వేశాను. ఒత్తుగా ఉండే జుట్టు, మొదటిసారి కత్తెర జారిపోయింది. తర్వాత క్షురకుడు జడ విప్పి, నీళ్ళు పోసి తడిపి, రెండు ముడులు వేసి, కత్తికి కొత్త బ్లేడు బిగించాడు. నడినెత్తి మీద మొదటి గీత పడగానే కింద తెల్లటి మాడు బయటపడింది. ఎండ ఎప్పుడూ తగలని చోటు. ముడులు రెండూ ఒకదాని తర్వాత ఒకటి ఒళ్ళో పడ్డాయి. అక్క ఏడ్చింది. అత్తయ్యగారు స్తోత్రం చెప్పింది. బావ ఫోనులో వీడియో తీశాడు. పింకీ కంట్లో నీరు లేదు. చందనం పూస్తుంటే చల్లదనానికి భుజాలు మాత్రం ఒకసారి బిగుసుకున్నాయి. గుండు మీద చెవులు రెండూ ఇంత పెద్దవా అనిపించాయి.

లేచి నిలబడి, మెడ మీద పడ్డ వెంట్రుకలు దులుపుకుని, "అయిపోయిందా నాయనమ్మా?" అనడిగింది.

"అయిపోయింది తల్లీ. మీ అమ్మ మొక్కు చెల్లింది."

"ఇప్పుడు నా మొక్కు."

అందరం ఆ పిల్ల వైపు చూశాం.

"నాన్న పడిపోయిన రాత్రి మీరందరూ ఆస్పత్రికి వెళ్ళారుగా. నన్నూ తమ్ముణ్నీ పక్కింట్లో పడుకోబెట్టారు. అప్పుడు నేనూ మొక్కుకున్నా. నాన్న నడిచి ఇంటికొస్తే, నాన్న మందు నీకిచ్చేస్తానమ్మా అని. ఇంకెప్పుడూ తాగడని. నాన్న నడిచొచ్చాడుగా."

పక్క వరసల్లో తెలుగు తెలిసినవాళ్ళు మాటలు ఆపేశారు. బావ ఫోను ఇంకా వీడియో తీస్తూనే ఉంది.

"మందేంటే? ఎవరు చెప్పారు నీకు? వానకి బండి జారింది" అంది అక్క, అలవాటు కొద్దీ.

"ఆ రాత్రి వాన పడలేదమ్మా. మేం పక్కింటి వాళ్ళ డాబా మీదే పడుకున్నాం."

రైల్లో "అంతే" అన్న మనిషి అత్తయ్యగారు. ఇప్పుడావిడ సంచీలో జపమాల వెతుక్కోవడం మొదలుపెట్టింది. అది ఆవిడ చేతిలోనే ఉంది.

"కారైక్కాల్ వద్దు నాన్నా" అంది పింకీ. గట్టిగా కాదు, అడిగినట్టే.

బావ ఫోను ఆపి జేబులో పెట్టుకున్నాడు. మొహం జేవురించింది గానీ అరవలేదు. ఎంత చిక్కొచ్చినా గొంతు పెంచకుండా పాయింటు వెతకడం ఆయన వృత్తి. "నన్నడక్కుండా నా తరఫున నువ్వు మొక్కుకోవడమేంటి? నాకు తెలియనే తెలియదు. ఇది చెల్లే మొక్కు కాదు" అన్నాడు. "కావాలంటే ఫాదర్ గారినే అడుగుదాం. ఆయనేమంటే అది."

"అడుగు నాన్నా" అంది పింకీ.

తెలుగు పూజ చెప్పే గురువు ఆ పక్కనే ఉన్నారని కనుక్కుని గబగబా వెళ్ళాడు. మేం మెట్ల మీద కూర్చున్నాం. ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. బిట్టూగాడు మాత్రం వాళ్ళక్క గుండు మీద చెయ్యి పెట్టి చూసి, గరగరలాడుతోందని మురిసిపోయాడు. టోకెను కోసం నిలబడ్డ ఇంకో తెలుగామె మా అక్క దగ్గరికొచ్చి, ఏదో అడగబోయి, అడక్కుండా వెళ్ళిపోయింది.

బావ తిరిగొచ్చేటప్పుడు నడకలోనే తెలిసింది. కోర్టులో స్టే సంపాదించిన రోజున అలా నడుస్తాడు. చేతిలో చిన్న కాగితం ఉంది.

"విను" అన్నాడు పింకీతో, అందరికీ వినపడేట్టు. "1983 కానన్ లా. 1193వ సెక్షన్. మొక్కు అనేది మొక్కుకున్న మనిషినే కట్టేస్తుంది, ఇంకెవర్నీ కట్టెయ్యదు. మొక్కుకునేవాళ్ళు తెలిసి, తమ ఇష్టంతో మొక్కుకోవాలి. వేరేవాళ్ళది తీసుకెళ్ళి మొక్కుకుంటే దానికి విలువ లేదు. నేను చెప్పడం కాదు, ఫాదర్ గారు నంబరు రాసిచ్చారు చూడు. ఇంకా ఉంది. 1197. మొక్కుకున్నవాళ్ళే కావాలనుకుంటే ఆ మొక్కుని అంతకన్నా మంచి పనికో, అంత మంచి పనికో మార్చుకోవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇంటికెళ్ళి రోజూ ఒక జపమాల చెప్పుకుంటానని మార్చేసుకో, సరిపోతుంది."

అక్క మొహంలో రంగు దిగిపోవడం నాకు కనపడింది. బావ ఇంకా కాగితమే చూస్తున్నాడు.

పింకీ తల మీద చందనం ఎండి పెచ్చులు తేలింది. తండ్రి చెప్పింది మొత్తం విన్నాక ఆ పిల్ల అడిగింది.

"అయితే నాన్నా, నా జుట్టు ఎవరు తీసుకున్నట్టు?"